గాలి, ధూళి, నిప్పు: మూడు ఘట్టముల పునర్విమర్శ

మన కావ్యవిమర్శకు వర్ణనలను లెక్కించు అలవాటు చిరకాలముగా ఉన్నది. ఆలంకారికులు మహాకావ్యమునకు విధించిన అష్టాదశవర్ణనలలో నగరమున్నది, సముద్రమున్నది, శైలమున్నది. ఋతువులు, చంద్రోదయ సూర్యోదయములు, ఉద్యానవిహారము, జలక్రీడ, మధుపానము ఉన్నవి. పెనుగాలి లేదు, దుమారము లేదు, కార్చిచ్చు లేదు. ఇవి కావ్యములలో తటస్థించినప్పుడు విమర్శకుడు వీనిని గ్రీష్మవర్ణనలోనో భయానకరసములోనో చేర్చి, అలంకారమును పేర్కొని, ముందునకు సాగుచున్నాడు. ఈ పద్ధతి కొన్ని ఘట్టములకు అన్యాయము చేసినదని చూపుట ఈ వ్యాసోద్దేశము. ఇందు పరిశీలించునవి మూడు: భాగవత దశమస్కంధమునందలి తృణావర్తవృత్తాంతము, అందే ముంజాటవిలోని దావాగ్నిఘట్టము, భారతమున ఆదిపర్వాంతమందలి ఖాండవదహనములోని శార్ఙ్గకోపాఖ్యానము. మొదటి రెంటిని పోతన, మూడవదానిని నన్నయ తెనిగించిరి.

ఈ పునర్విమర్శకు పూనుకొనుటకు కారణము ఈ వ్యాసకర్త తన బోధనలో గుర్తించిన లోపమే. చాలకాలము నేను తృణావర్తవృత్తాంతమును అతిశయోక్తికి ఉదాహరణముగా పాఠము చెప్పుచుంటిని. ఒకనాడు తరగతి ముగిసిన పిమ్మట, రేపల్లె ప్రాంతపు పల్లెనుండి వచ్చిన విద్యార్థి యొకడు నిలిచి, “ఇందులో అతిశయోక్తి ఎక్కడుందండీ? మా పేట తగలబడిననాడు గాలికి పొగా బూడిదా కళ్ళల్లో కొట్టి, పక్కనున్న నేను కనపడక మా అమ్మ ఇట్లాగే ఏడ్చింది” అని యడిగెను. అతనికి నేనిచ్చిన సమాధానము లక్షణగ్రంథములలోనిది. అది అతనికి తృప్తి కలిగించలేదు. ఆలోచించినకొలది నాకును కలిగించలేదు. అలంకారము పేరు చెప్పుటతో వర్ణన బోధపడినట్లేనా అను ప్రశ్న అప్పటినుండి నన్ను వెంటాడుచున్నది.

ప్రశ్నకు పుట్టినిల్లైన నేలను కొంత వివరింపవలసియున్నది. తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములు మూడును కృష్ణానది పడమటి డెల్టాలోనివి. 1852లో ఆరంభమై 1855లో ముగిసిన ఆనకట్టవలన, 1957లో దాని స్థానమున వెలసిన ప్రకాశం బ్యారేజివలన ఈ మైదానము మాగాణియైనది. పరిపాలనలో రేపల్లె, బాపట్లలు 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాకు చేరగా తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. గాలికి మాత్రమీ సరిహద్దులు లేవు. కొండ అడ్డములేని ఈ సమతలముపై గాలి కాలమునుబట్టి రూపము మార్చుకొనును. కోతలు ముగిసి, కాలువలు కట్టివేసిన పిదప నల్లరేగడి నెర్రెలు విచ్చును. పడమటినుండి వీచు వడగాలి మిట్టమధ్యాహ్నము దారులలోని మెత్తని దుమ్మును లేపి పల్లెలమీద పరచును. బాపట్ల వైపున సముద్రతీరపు ఇసుక కదలును. దానిని నిలువరించుటకే అక్కడి సరుగుడుతోపులు పనికివచ్చుచున్నవి. రేపల్లె దిగువన గాలి యనగానే జనులకు ఉప్పెన స్మరణకు వచ్చును. 1977 నవంబరు 19నాటి తుపాను దివిసీమతోపాటు ఈ తీరమును వేలకొలది ప్రాణములు గొని విడిచినది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తీరము దాటినది బాపట్ల సమీపముననే.

వేసవిగాలికి తోడు నిప్పు. ఒక తరము క్రిందటివరకు ఈ పల్లెలలో పేదల ఇండ్లు చాలవరకు తాటాకు పాకలు, రెల్లుగడ్డి కప్పిన పూరిళ్ళు. ప్రక్కనే వరిగడ్డి వాములు. చూరు చూరును తాకునట్లు వరుసగా నిలిచిన పేటలో పడమటి కొసన ఒక నిప్పురవ్వ లేచినచో తూర్పు కొస వరకు ఆగెడిది కాదు. మా పెద్దలు వడగాడ్పు దినములలో ప్రొద్దెక్కకముందే వంట ముగించి, పొయ్యిలోని నిప్పుపై బూడిద కప్పుటను నియమముగా పాటించెడివారు. నిప్పంటుకొన్నప్పుడు మండుచున్న ఇంటిని విడిచి, గాలివాలున ఇంకను అంటుకొనని ఇంటి కప్పును పెరికివేసెడివారు. ఇది అనుభవము నేర్పిన శాస్త్రము. బీహారు ప్రభుత్వము 2016 ఏప్రిలులో గ్రామములందు పగలు 9 గంటలనుండి సాయంకాలము 6 గంటలవరకు పొయ్యి వెలిగింపరాదని ఆదేశించినప్పుడు అనేకులు ఆశ్చర్యపడిరి. పూరింటిలో పెరిగినవారికి అందు వింత కనిపించలేదు.

కోశములను చూచినను ఈ అనుభవమునకు సాక్ష్యము దొరకును. అమరకోశములో అగ్నికి ఒక పేరు వాయుసఖుడు. అగ్నికి వాయువు తోడైనట్లు అను సామెత నేటికిని మన ఇండ్లలో వినిపించును. ఇక తృణావర్తుని పేరు చూడుడు: గడ్డిపరకలను సుడిగా త్రిప్పువాడు. గాలికి రూపము లేదు. అది దేనిని త్రిప్పుచున్నదో చూచి దానిని గుర్తింపవలెను. కళ్ళములో నిలిచి, పరక యెగిరిన తీరునుబట్టి గాలిని అంచనా కట్టి ధాన్యము తూర్పారబట్టు రైతునకు ఈ పేరు వ్యాఖ్యానము లేకయే అర్థమగును. తాలును తొలగించునదియు, వామికి నిప్పు చేర్చునదియు ఆ గాలియే.

ఇక మొదటి ఘట్టము. తృణావర్తకథలోని సంఘటనల వరుసను గమనింపవలెను. యశోద ఒడిలోని బిడ్డ బరువెక్కును. ఆమె మోయలేక నేలపై దింపును. కంసుడు పంపిన రక్కసుడు సుడిగాలియై వచ్చి బిడ్డను ఎత్తుకొనిపోవును. గోకులమంతయు ధూళి కప్పును. కన్నులలో దుమ్ము, ఇసుక పడి ఎవరికిని తాము గాని యితరులు గాని కనిపింపరు. తల్లి బిడ్డ నుంచిన చోటు చూచును, బిడ్డ లేడు. దూడను కోలుపోయిన ఆవువలె ఆమె నేలపై బడి యేడ్చును. గాలి తగ్గుచుండగా ఆ యేడుపు విని గోపికలు చేరుదురు. పిదప రక్కసుడు రాతిపై కూలును; వాని రొమ్ముపై బిడ్డ దొరకును.

విమర్శకులు ఇందు గ్రహించినది బాలుని మహిమ. అది కథాప్రయోజనమే, కాదనుట లేదు. కాని కవి శ్రద్ధలో అధికభాగము రక్కసుని యాకృతిపై లేదు, చూపు పోవుటపైనున్నది. గాలి మొదట హరించినది బిడ్డను కాదు, కన్నులను. తల్లి బిడ్డను విడిచినది నిర్లక్ష్యముచేత గాక, మోయలేనితనముచేతను, ఒక్క క్షణముకొరకును. ఆ క్షణముననే దుమారము వచ్చినది. మైదానముపై గాలి చేయు పని సరిగా ఇదియే: మనిషికిని, తనవారికిని నడుమ చేయిచాచు దూరమును అగాధము చేయును. ఇంకొక విశేషము కలదు. చూపు నశించినచోట మానవులను కలిపినది చెవి. ధూళిలో ఎవరికెవరు కానరాకున్నను తల్లి యేడుపు వినబడినది. దానిని పట్టుకొని స్త్రీలు వచ్చిరి. రేపల్లె విద్యార్థి తన తల్లిని గూర్చి చెప్పినది ఈ ఘట్టమునకు ఇంతవరకు నేను చదివిన వ్యాఖ్యలన్నిటికంటె సమీపమున నున్నది. దీనిని అతిశయోక్తి యనుటకంటె స్వభావోక్తి యనుట న్యాయము.

రెండవ ఘట్టము ముంజాటవి. భాగవతమున గోపకులను చుట్టుముట్టిన కార్చిచ్చులు రెండు. కాళియమర్దనము పిదప కాళిందితీరమున రాత్రి నిద్రించిన వారిని చుట్టినది ఒకటి. ప్రలంబవధానంతరము ముంజగడ్డి యడవిలో ఆలమందలతో కూడ చుట్టినది రెండవది. రెండవదానిలో నిప్పునకు పూర్వము నడచిన కథ మన విమర్శలో ఉపేక్షింపబడినది. గోపబాలకులు ఆటలో మునిగియుండగా ఆవులు పచ్చికకై లోలోనికి పోయి దారి తప్పును. బాలకులు గిట్టల జాడలను, కొరికి విడిచిన గడ్డిమొనలను చూచుచు వెదకుదురు. ఆవులు దప్పిచే అరచుచుండును. కృష్ణుడు పేరుపేరున పిలువగా అవి బదులు పలుకును. అప్పుడు, అవి దొరికిన సంతోషమునడుమ, గాలిని సారథిగా చేసికొన్న నిప్పు అన్నివైపులనుండి వచ్చును.

ఎండిన గడ్డి యడవి, వేసవి, గాలి, దప్పిగొన్న పశువులు: కార్చిచ్చునకు కావలసిన సామగ్రి యంతయు కవి ముందుగనే సమకూర్చినాడు. ఎండాకాలమున మేతకై చేలగట్లు, కాలువగట్లు పట్టి పశువులను తోలుకొనిపోయినవారికి ఈ క్రమము సుపరిచితము. ఇందును పిలుపు, బదులుపలుకు ముఖ్యములగుట గమనింపదగును. తృణావర్తఘట్టమున తల్లి యేడుపు చేసిన పనిని ఇచ్చట ఆవుల పేర్లు చేసినవి.

ఈ రెండు ఘట్టములను ప్రక్కప్రక్కన నుంచినచో వేరొక సంబంధము తోచును. ముంజాటవిలో కృష్ణుడు గోపకులను కన్నులు మూసికొనుడనును, వారు మూసికొందురు, తెరచునప్పటికి నిప్పు లేదు. తృణావర్తుని నాడు గోకులము కన్నులను మూసినది ధూళి. ముంజాటవిలో వానిని మూసినది నమ్మిక. మొదటిసారి కన్నులు మూతపడగా బిడ్డ మాయమైనాడు. రెండవసారి కన్నులు మూతపడగా నిప్పు మాయమైనది. నాడు పోయి దొరికిన బిడ్డయే నేడు కన్నులు మూసికొనుడని చెప్పుచున్నాడు. అక్కడ భయముతో పోగొట్టుకొన్నదానిని ఇక్కడ విశ్వాసముతో పొందినారు. దశమస్కంధమున ఈ రెండు ఘట్టములు చాల దూరముగా నున్నను, గాలి వాని నడుమ దారమువలె నున్నది. విడివిడిగా మహిమల పట్టికలో చేర్చి చదువు పాఠకునకు ఈ దారము కనిపింపదు.

అయినను నా విద్యార్థి ప్రశ్న ఇచ్చట తీవ్రమగును. నిజమైన నిప్పులో కన్నులు మూసికొన్నవాడు బ్రదుకునా? బ్రదుకడు. కావున భాగవతఘట్టమును విశ్వాసకావ్యముగా గ్రహించి, నడవడికై వేరొకచోట వెదకవలెను. అది శార్ఙ్గకోపాఖ్యానమున దొరకును.

ఖాండవము తానుగా అంటుకొన్న యడవి కాదు. అగ్ని యాకలి తీర్చుటకై కృష్ణార్జునులు కావలియుండి కాల్పించిన యడవి. ఏ ప్రాణియు తప్పించుకొనకుండ వారు చుట్టును కాచిరి. ఈ కథ వీరుల వైపునుండి చెప్పినచో విజయగాథ. భారతము దానిని అంతతో విడువక, మనలను ఒక గూటిలోనికి తీసికొనిపోవును. తండ్రి మందపాలుడు వేరొక భార్యతో నున్నాడు. తల్లి జరిత యొంటరిగా, ఇంకను రెక్కలు రాని నలుగురు పిల్లలతో నున్నది. మంట సమీపించుచున్నది. ఎలుకకన్నములో దూరుడనియు, తాను పైన దుమ్ము కప్పి మంట చల్లారిన పిదప తీసెదననియు తల్లి యనును. పిల్లలు ఒప్పుకొనరు. కన్నములో ఎలుక యుండును. దానివలన చావు నిశ్చయము. నిప్పువలన చావు సందేహము, గాలి మరలవచ్చును. కావున నీవు ఎగిరిపొమ్ము, బ్రదికియున్నచో నీకు మరల సంతానము కలుగునని వారు తల్లికి చెప్పుదురు.

ఈ సంవాదమును మన పాఠములలో నీతికథగా, పిల్లల ప్రజ్ఞకు నిదర్శనముగా చెప్పుటతో సరిపుచ్చుచున్నాము. మైదానమున బ్రదికినవాని దృష్టితో చూచినచో ఇందలి ప్రతి మాటకు బరువు కలదు. కృష్ణాడెల్టా చేలలో యానాదులు గట్ల వెంబడి ఎలుకలను పట్టు విధానము పాఠకులలో కొందరు చూచియుందురు: కుండలో గడ్డి రాజవేసి కన్నములోనికి పొగ నూదుదురు, లోని ప్రాణి ఊపిరాడక వెలికి వచ్చును, లేక లోపలనే చచ్చును. భూమిలోని కన్నము నిప్పునుండి దాచునేమో కాని పొగనుండి దాచదు. పక్షిపిల్లలు చెప్పిన కారణము ఎలుక. కాని కన్నమును నమ్మరాదను వారి నిర్ణయమును మన చేను కూడ బలపరచుచున్నది. అంతకంటె ముఖ్యమైనది గాలి మరలవచ్చునను మాట. వాయుసఖుని జయించు దారి వాయువునందే కలదని రెక్కలు రాని పిల్లలు ఎరుగుదురు. గాలివాలు చూచి ఇంటికప్పు పెరికిన మా పెద్దల తెలివియు ఈ జాతిదే.

తల్లి పోవుట ఇంకను కఠినమైన విషయము. యశోద బిడ్డను దింపినది, జరిత పిల్లలను విడిచినది. ఇద్దరిలో ఎవ్వరును దోషులు కారు. జరిత మంట చల్లారిన పిదప తిరిగివచ్చి పిల్లలను సజీవులుగా చూచును. అప్పుడు తీరికగా వచ్చిన మందపాలునకు ఆమె చూపిన నిరాదరము, ఆపదలో లేనివానికి తగిన సత్కారమే. ప్రకృతివిపత్తును వర్ణించుటలో భారతకవి దృష్టి మంట పొడవు మీద లేదు. ఆ వేళ ఎవరు ఎవరియొద్ద నుండిరి, ఎవరు లేరు అనుదానిమీద ఉన్నది.

ఇచ్చట రెండు ఆక్షేపణలు రావచ్చును. మొదటిది: ఈ ఘట్టములు సంస్కృతమూలములోనివి; నన్నయ, పోతనలు వానిని తెనిగించిరే కాని తమ నేలను చూచి వ్రాయలేదు. నిజమే. నేను చెప్పునది కవి చూచినదానిని గూర్చి కాదు, పాఠకుడు చూడగలదానిని గూర్చి. తొమ్మిది వందల సంవత్సరములకు పైగా తెలుగు పల్లెలలో భారతమును, అయిదు వందల సంవత్సరములకు పైగా భాగవతమును చదివి వినిపించిరి. వినినవారు పూరిళ్ళలో నుండిరి. వారికి ఈ కథలు పరదేశపు వర్ణనలుగా తోచియుండవు. రెండవది: శార్ఙ్గకములును చివరకు అగ్నిస్తుతివలనను, తండ్రి పూర్వము పొందిన వరమువలనను బ్రదికినవి, కావున అదియు దైవకృపయే. దీనిని అంగీకరింపవలసినదే. అయినను వరమున్నదని పిల్లలకు తెలియదు. తెలియకయే వారు ఆలోచించిరి, తల్లిని పంపిరి. ఫలము దైవముది, నడవడి వారిది. విమర్శకుడు ఈ రెంటిని వేరుపరచి చూడవలెను.

దైవకృపను తొలగించిన ఆధునికరచనలో గాలి యేమగునో చూచుటకు పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ చాలును. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచకథల పోటీలో రెండవ బహుమానము పొందిన ఈ కథలో క్రమశిక్షణను జీవితసూత్రముగా చేసికొన్న రావుగారు తుపానురాత్రి ఒక రైల్వేస్టేషనులో చిక్కుకొందురు. ఆయనకు తోడుగా నిలిచినది ఆయన అంతకుముందు ఏవగించుకొన్న బిచ్చగత్తె. చీకటిలో, గాలిలో, మనిషి వెచ్చదనముకొరకు ఆమెను పట్టుకొన్న వేళ ఆయన సూత్రములు ఎగిరిపోయినవి. కన్నులు కనిపింపని గాలిలో మనుష్యుని మనుష్యునకు చేర్చునదేమి యను గోకులపు ప్రశ్నయే ఇది. పాశ్చాత్యసాహిత్యమునందును ఇట్లే జరిగినది. అమెరికా మైదానములను 1930 దశాబ్దమున ముంచిన ధూళితుపానులు నేపథ్యముగా జాన్ స్టైన్‌బెక్ 1939లో ప్రకటించిన ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’ నవల ధూళివర్ణనతో ఆరంభమగును. ఆ ప్రథమాధ్యాయాంతమున స్త్రీలు పాడైన పైరును గాక, పురుషుల ముఖములను పరికింతురు. వారు క్రుంగిపోవుదురా నిలుతురా యని. ధూళిని వర్ణించిన మంచి రచయిత చివరకు చేరునది ముఖములకడకే.

ఈ చర్చకు నేటి ప్రయోజనమును చెప్పి ముగింతును. డెల్టా పల్లెలలో పూరిళ్ళు తగ్గి శ్లాబు ఇండ్లు వచ్చినవి. పేటలు తగలబడుట మునుపటివలె లేదు; ఇది సంతోషింపదగినది. కాని దానితోపాటు ఈ ఘట్టములను అనుభవముతో చదువగల పాఠకులును తగ్గుచున్నారు. నేడు తరగతిలో పూరిల్లు అనగా ఏమని అడుగు విద్యార్థులున్నారు. వారికి తృణావర్తుడు అతిశయోక్తిగానే మిగులును. అధ్యాపకుడు అప్పుడు చేయవలసినది అలంకారము పేరు చెప్పుట కాదు; వారి ఇంటి అవ్వను అడిగి రమ్మనుట. గాలివాలు, నిప్పు నడక, పొయ్యి నియమము తెలిసిన తరము ఇంకను మన నడుమ ఉన్నది.

నిప్పు పూర్తిగా పోలేదు. పేటనుండి చేనికి మారినది. యంత్రములతో కోతలు కోసిన పిదప మిగిలిన గడ్డికి కొందరు రైతులు నిప్పు పెట్టుచున్నారు. తరువాతి పంటకు గడువు తక్కువ, కూలిభారము ఎక్కువ. వారి యిబ్బంది నిజమైనదే. కాని ఆ నిప్పు తానుగా పుట్టినది కాదు, మనము కావలియుండి కాల్పించునది. కావున దానికి సరియైన కావ్యము ముంజాటవి కాదు, ఖాండవము. ఆ గడ్డిలోను గూళ్ళుండును. నన్నయ తెనిగించిన యుపాఖ్యానము విజయగాథ నడుమ మనలను గూటిలో కూర్చుండబెట్టి, వచ్చుచున్న మంటను అక్కడినుండి చూపినది. వ్యవసాయవిద్యకు కేంద్రమైన బాపట్ల ప్రాంతమున ఈ ఉపాఖ్యానమును సాహిత్యవిద్యార్థులతోపాటు వ్యవసాయవిద్యార్థులును చదువదగును.

పై మూడు ఘట్టములలోను మనిషి గాలిని ఎదుర్కొన్న విధములు మూడు: ఒకరినొకరు పిలుచుకొనుట, నమ్ముట, ఆలోచించుట. వీనిలో ఏది గొప్పదని కవులు తీర్పు చెప్పలేదు. నేను చెప్పుటయు ఉచితము కాదు. వీనిని అష్టాదశవర్ణనల పట్టికలో ఖాళీగానున్న ఒక గడికి పూరణముగా గాక, ఈ మైదానమున బ్రదికినవారి జ్ఞానముగా చదువవలెనన్నదే నా మనవి. నాటి విద్యార్థి నేడు ఎదురైనచో, అతని ప్రశ్నకు లక్షణగ్రంథమును తెరువను. ఆ దినము అమ్మకు నీవెట్లు దొరికితివని ముందుగా అడుగుదును.